ఇంటి కప్పును పట్టి ఉంచుతున్నదేమిటి?

2018 అక్టోబరు 10వ తేదీ మధ్యాహ్నం మైకేల్ హరికేన్ ఫ్లోరిడా వాయవ్య తీరంలో మెక్సికో బీచ్ అనే చిన్న ఊరి దగ్గర తీరం దాటింది. అదే రోజు సాయంత్రం, అంటే మన దేశంలో 11వ తేదీ తెల్లవారుజామున, తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపాన తీరం దాటింది. నేను ఉంటున్నది ఫ్లోరిడాలోని టాంపాలో, పుట్టి పెరిగింది ఉద్దానంలో. ఆ కొన్ని గంటలూ ఇక్కడి టీవీ ముందు, చేతిలో ఫోను పట్టుకుని కూర్చున్నాను. మైకేల్ మా ఊరికి చాలా దూరంగా పోయింది. తిత్లీ మాత్రం మా నాన్నగారి ఇంటి మీదుగానే పోయింది.

రెండు రోజులకు గానీ ఫోను కలవలేదు. నాన్న ముందు కొబ్బరి చెట్ల గురించే చెప్పారు. ఉద్దానంలో ఎవరైనా ఆ వారం ముందుగా చెప్పింది అదే. ఇంటి మాట చివరకు వచ్చింది. వంటింటి వెనుక వేసుకున్న జింకు రేకుల వసారా ఎగిరిపోయింది. "బోల్టులు ఎక్కడివక్కడే ఉన్నాయిరా, రేకే చిరిగిపోయింది" అన్నారు. తమ్ముడు పంపిన ఫోటోలో ఆ మాట కళ్లకు కట్టినట్టు ఉంది. ఇనుప పైపుకు తగిలించిన జె బోల్టు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాని నట్టు కింద అరచేతి మేర రేకు ముక్క మాత్రం మిగిలింది. మిగతా రేకు ఆ ముక్క చుట్టూ కాగితంలా చిరిగి, పక్క తోటలో పడింది. నట్టు కింద ఉన్న వాషరు రూపాయి బిళ్లంత కూడా లేదు.

నాన్నగారి వసారాను ఇన్నాళ్లూ పట్టి ఉంచినదేమిటో ఆ ఫోటోలో కనబడుతున్నది. మరి నా ఇంటి కప్పును పట్టి ఉంచుతున్నదేమిటి? ముప్పై ఏళ్ల అప్పు మీద కొన్న ఇల్లు, అప్పటికి రెండేళ్లుగా కాపురం ఉంటున్న ఇల్లు. ఏ గదిలోకి ఏ వేళకు ఎండ వస్తుందో చెప్పగలను గానీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. ఇల్లు కొన్నప్పుడు బీమా ఏజెంటు చేయించమన్న విండ్ మిటిగేషన్ తనిఖీ, అంటే గాలిని తట్టుకునే ఏర్పాట్లు ఇంటికి ఏమున్నాయో చూసే తనిఖీ, దాని కాగితం ఫైలులో ఉండాలని గుర్తుకు వచ్చి, ఆ రాత్రే తీసి మొదటిసారిగా ఆసాంతం చదివాను. కప్పుకూ గోడకూ మధ్య ఉన్న బంధం ఏ రకానిదన్న ప్రశ్నకు 'తెలియదు' అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది.

ఫ్లోరిడాలో సొంత ఇళ్లున్న మన తెలుగువాళ్లలో నాకు తెలిసిన చాలామంది ఈ తనిఖీని బీమా తగ్గింపు కోసం చేయించే ఒక లాంఛనంగా చూస్తున్నారు. తగ్గింపు నిజమైనదే, తప్పక తీసుకోవలసినదే. అయితే ఆ కాగితం అసలు విలువ తగ్గింపులో లేదు. మన ఇంటి అటక ఎక్కి, టార్చిలైటు వేసి, కప్పు గోడను ఎలా పట్టుకుని ఉందో చూసి వ్రాసిపెట్టే సందర్భం ఇల్లు కట్టిన తరువాత దాదాపుగా ఇదొక్కటే. ఆ వ్రాసింది ఏజెంటు చదివి, మనం చదవకపోతే, మనం డబ్బిచ్చి తెప్పించుకున్న విషయాన్ని మనమే విననట్లు అవుతుంది.

ఈ తనిఖీ ఎందుకు పుట్టిందో తెలిస్తే అందులోని ప్రశ్నలకు అర్థం తెలుస్తుంది. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ మయామీకి దక్షిణాన హోమ్‌స్టెడ్ ప్రాంతాన్ని తాకింది. ఒక్క డేడ్ కౌంటీలోనే 25 వేలకు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి, మరో లక్ష ఇళ్లు దెబ్బతిన్నాయి. గాలి ఎంత పెద్దదైనా, కూలిన ఇళ్లను పరిశీలించిన ఇంజనీర్లకు కనబడినది గాలి ఒక్కటే కాదు. కప్పు పలకలకు మేకులకు బదులు స్టేపుల్ పిన్నులు కొట్టి ఉన్నాయి, కొట్టిన మేకులు కింద ఉన్న కర్రను తాకకుండా పక్కకు పోయాయి, త్రికోణపు పక్కగోడలకు లోపలి నుంచి ఊతం లేదు. ఆ నష్టపరిహారాల భారంతో పదకొండు బీమా సంస్థలు దివాలా తీశాయి. రాష్ట్రం మొత్తానికి ఒకే భవన నిబంధనావళి కావాలన్న పట్టుదల అక్కడి నుంచి మొదలై, 2002 మార్చి 1న ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్ అమలులోకి వచ్చింది. గాలిని తట్టుకునే ఏర్పాట్లు ఉన్న ఇళ్లకు ప్రీమియంలో తగ్గింపు ఇచ్చి తీరాలని రాష్ట్ర చట్టం బీమా సంస్థలను ఆదేశించింది. ఆ ఏర్పాట్లు నిజంగా ఉన్నాయో లేదో అందరూ ఒకే తీరుగా నమోదు చేయడానికి వచ్చినదే ఓఐఆర్-బీ1-1802 అనే ఫారం. శిక్షణ పొందిన లైసెన్సు గల హోమ్ ఇన్‌స్పెక్టరు, కాంట్రాక్టరు, ఇంజనీరు, ఆర్కిటెక్టు వంటి అర్హులు మాత్రమే దానిపై సంతకం చేయాలి. ఇంటిలో మార్పులేవీ చేయకపోతే అది ఐదేళ్ల వరకు చెల్లుతుంది. తెలిసి తెలిసి అబద్ధం వ్రాయడం నేరం.

నా మొదటి ఫారంలో ఏడు అంశాలు ఉన్నాయి: ఇల్లు ఏ కోడ్ కాలంలో కట్టారు, పైన పరచినది ఏమిటి, దాని కింది పలకలను ఏ మేకులతో ఎంత ఎడంలో కొట్టారు, కప్పు గోడకు ఎలా అతికి ఉంది, కప్పు ఆకారం ఏమిటి, పైపొర లేచిపోయినా నీరు దిగకుండా రెండో పొర ఉందా, కిటికీలకూ తలుపులకూ రక్షణ ఉందా. వీటిలో మూడోదీ నాలుగోదీ ఇంటికి ప్రాణం. వాటిని గురించి కాస్త విపులంగా వ్రాస్తాను, ఎందుకంటే మన వైపు ఇళ్ల అనుభవంతో చూస్తే ఇవి సులువుగా తలకెక్కవు.

మనం శ్లాబు ఇళ్లలో పెరిగినవాళ్లం, లేదా పెంకుటిళ్లలో. శ్లాబు తన బరువుతో తానే కూర్చుంటుంది. కాబట్టి ఇంటి పని బరువును మోయడమే అని మన మనసులో ముద్రపడి ఉంటుంది. ఇక్కడి కప్పు ట్రస్‌లు అనే త్రికోణపు చెక్క చట్రాల మీద పరచిన ప్లైవుడ్, దాని మీద షింగిల్స్ అనే పలుచటి తారు బిళ్లలు. అంతా కలిపినా తేలిక. తుపాను గాలి దాని మీదుగా పోయేటప్పుడు కప్పును కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. అంచుల దగ్గర, మూలల దగ్గర ఆ పీల్పు మరీ ఎక్కువ. పైగా గాలి వేగం రెట్టింపైతే ఆ బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. అప్పుడు ఇంటి పని మోయడం కాదు, పట్టుకోవడం. పలకను ట్రస్ పట్టుకోవాలి, ట్రస్‌ను గోడ పట్టుకోవాలి, గోడను పునాది పట్టుకోవాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం వదిలినా మిగతా కొక్కేల బలం అక్కరకు రాదు. నాన్నగారి వసారాలో బోల్టు గట్టిదే, పైపు గట్టిదే. వాషరు దగ్గర గొలుసు తెగింది.

మొదటి తనిఖీకి వచ్చిన వ్యక్తి ఇంట్లో ఉన్నది ఇరవై నిమిషాలు. అటక తలుపు తెరిచి, నిచ్చెన మీద నిలబడి, తల లోపలికి పెట్టి రెండు ఫోటోలు తీసుకున్నాడు. అటక మీద అడుగు పెట్టలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తప్పుగా తోచలేదు, ఎందుకంటే ఆయన చూడవలసినది ఎక్కడ ఉంటుందో నాకే తెలియదు. ఆ 'తెలియదు' చదివిన తరువాత, నలభై ఏళ్లు ఇళ్లు కట్టి విరమించిన ఒక పెద్దాయనను పిలిపించాను. ఉదయం ఎనిమిది గంటలకే వచ్చాడు. ఎండెక్కితే అటకలో మనిషి నిలవలేడని. "మీరు కూడా పైకి రండి, ఇల్లు మీది" అన్నాడు. ఆ మాట కోసమైనా ఆయన అడిగిన 125 డాలర్లు ఇవ్వవచ్చు.

అటకలో దూదిలా పరచిన ఫైబర్‌గ్లాస్ మీద పలక వేసుకుని, మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాం. ఆయన టార్చి వెలుగును పైకి తిప్పి ప్లైవుడ్ పలక అడుగుభాగం చూపించాడు. ఒక ట్రస్ పక్కనే, దానికి తగలకుండా, మేకు మొనలు వరుసగా మెరుస్తున్నాయి. పైనుంచి కొట్టినవాడి గురి అర అంగుళం తప్పి, మేకులు కర్రలోకి దిగకుండా గాలిలోకి దిగాయి. ఈ పనివాళ్లు వాటిని షైనర్లు అంటారట. ఆ తప్పిన మేకులే ఆయనకు సాక్ష్యం, ఎందుకంటే సరిగా దిగిన మేకు కంటికి కనబడదు. బయటికి పొడుచుకు వచ్చిన భాగాన్ని టేపుతో కొలిచాడు, ఒకటిన్నర అంగుళం. పలక మందం అర అంగుళం. మొత్తం రెండు అంగుళాలు. "ఇది ఆరు పెన్నీ మేకు, ఉండవలసినది ఎనిమిది పెన్నీ" అన్నాడు. పెన్నీ అన్నది ఇక్కడ మేకు పొడవుకు కొలత. ఎనిమిది పెన్నీ మేకు పొడవు రెండున్నర అంగుళాలు. మేకుకూ మేకుకూ మధ్య దూరం పలక అంచుల దగ్గర 6 అంగుళాలు, నడుమ 12 అంగుళాలు ఉంది. ఫారంలో ఇది అన్నిటికంటే కింది తరగతి.

తరువాత చూరు వైపు, కప్పు వాలు అటక నేలను కలిసేంత ఇరుకు చోటుకు, బోర్లా పడుకుని పాకాడు. నా వంతు వచ్చినప్పుడు చూశాను. గోడ పైన పోసిన కాంక్రీటు బీములోంచి ఒక ఇనుప పట్టీ పైకి లేచి, ట్రస్ పక్కకు ఆనుకుని ఉంది. దానిలో వరుసగా రంధ్రాలు. రెండు రంధ్రాలలో మేకులు ఉన్నాయి, మూడో రంధ్రం ఖాళీ. పక్క ట్రస్ దగ్గరా అంతే, దాని పక్కదీ అంతే. ఇనుప పట్టీని పట్టీగా లెక్కలోకి తీసుకోవాలంటే ట్రస్‌లోకి కనీసం మూడు మేకులు దిగి ఉండాలన్నది ఆ ఫారం నియమం. అవి లేకపోతే, ఇంత ఇనుము ఉన్నా, ఆ ఇల్లు ఏటవాలు మేకులతో మాత్రమే అతికించిన ఇంటి కిందికే వస్తుంది. బరువు మోయడానికి ఏటవాలు మేకు చాలు, పైకి లాగితే అది ఊడి వస్తుంది. సరిగా కొట్టిన పట్టీ దానికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది. 1996లో ఈ ఇల్లు కడుతున్నప్పుడు ఎవరో ఒక మనిషి, ఎండలోనో వానలోనో, తొందరలోనో, ఒక్కో పట్టీకి ఒక్కో మేకు మిగిల్చి వెళ్లాడు. ఇరవై రెండేళ్ల పాటు, మా కంటే ముందు ఉన్న కుటుంబంతో సహా, ఆ ఖాళీ రంధ్రాన్ని ఎవరూ చూడలేదు.

ఆయన వ్రాసిన రెండో ఫారం వల్ల నాకు ఒక్క డాలరు కూడా అదనంగా తగ్గలేదు. అందులో ఉన్నవన్నీ లోపాలే. అయినా నా దగ్గరున్న మూడు ఫారాలలో నాకు అన్నిటికంటే విలువైనది అదే. దాని వల్లే 2021లో షింగిల్స్ మార్చవలసి వచ్చినప్పుడు కాంట్రాక్టరును ఏమి అడగాలో నాకు తెలిసింది. 2002కు ముందు కట్టిన ఇళ్ల కప్పు మార్చేటప్పుడు పలకలకు మళ్లీ మేకులు కొట్టి బలపరచాలని ఇక్కడి నిబంధనలు ఎలాగూ చెబుతున్నాయి. మా ఇంటికి రింగ్ షాంక్ మేకులు, అంటే ఒంటి నిండా గాట్లు ఉండి ఊడి రాని మేకులు, 6 అంగుళాలకొకటి కొట్టారు. పలకల మీద నేరుగా అతుక్కునే జిగురు పొర పరచారు; షింగిల్స్ లేచిపోయినా నీరు లోపలికి దిగకుండా అది ఆపుతుంది. చూరు వెంబడి అట్టడుగు పలకల వరుసను విప్పి, అడుగు నుంచి చేయి పట్టని చోట పైనుంచి చేయి పెట్టి, ప్రతి పట్టీకీ మూడో మేకు కొట్టారు. ఆ ఆఖరి పనికి పట్టినది ఒక పూట. కప్పు విప్పి ఉన్న ఆ ఒక్క రోజు దాటిపోతే, మరో ఇరవై ఏళ్ల వరకు ఆ అవకాశం రాదు. నా చేతిలో ఆ ఫారం లేకపోతే, ఖాళీ రంధ్రాల మీద కొత్త కప్పు వేయించుకుని నిశ్చింతగా ఉండేవాణ్ణి.

పని పూర్తయ్యాక చేయించిన మూడో తనిఖీతో తగ్గింపు వచ్చింది. తనిఖీ ఫీజు మొదటి ఏడాదిలోనే కొన్ని రెట్లుగా తిరిగి వచ్చింది. తగ్గింపు ప్రీమియం మొత్తం మీద కాదు, గాలికి సంబంధించిన భాగం మీద మాత్రమే లెక్కిస్తారు. ఈ సంగతి తెలియక నిరాశపడేవారు ఉన్నారు. కానీ తీరప్రాంతపు పాలసీలలో పెద్ద వాటా ఆ భాగానిదే. ప్రతి అంశానికీ ఫోటో జతచేయవలసి ఉంటుంది. మేకులన్నీ సరిగా ఉన్నా ఫోటోలో కనబడకపోతే లేనట్లే లెక్క. కాబట్టి ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయే ముందే ఆయన ఫోటోలను ఒకసారి చూపించమని అడగడం మంచిది.

ఆకారం గురించి ఒక మాట. నాలుగు వైపులా వాలుగా దిగే కప్పుకు ఫారంలో మంచి విలువ ఉంది, రెండు వైపులే వాలి మిగతా రెండు వైపులా నిలువుగా త్రికోణపు గోడలున్న కప్పుకు లేదు. ఆ నిలువు గోడను గాలి సూటిగా కొడుతుంది. ఇది చదివినప్పుడు నాకు భీమిలి వైపు చిన్నప్పుడు చూసిన చుట్టిళ్లు గుర్తుకు వచ్చాయి. గుండ్రటి మట్టిగోడ, చూరు నేలకు తగిలేంత కిందికి దిగిన తాటాకు కప్పు. గాలికి గోడే కనబడదు, పట్టుకోవడానికి మూల దొరకదు. ఫారాలూ కోడ్‌లూ లేని రోజులలో ఆ తీరంలో బతికినవాళ్లు ప్రతి తుపానుకూ గమనించి గమనించి తేల్చుకున్న ఆకారం అది. నా ఇల్లు రెండు వాలుల ఇల్లు. ఆకారం మార్చడం నా తరం కాదు గనుక, త్రికోణపు గోడలకు అటకలోనుంచి అడ్డకర్రలతో ఊతం ఇప్పించాను. దీనికి ఫారంలో గడి లేదు, తగ్గింపు లేదు. చేయించడానికి అది కారణం కాకూడదని నా అభిప్రాయం.

కిటికీల విషయంలో ఫారం చాలా కఠినంగా ఉంటుంది, ఉండాలి కూడా. ఇంటిలో పదకొండు కిటికీలకు షట్టర్లు పెట్టి, స్నానాలగది చిన్న కిటికీని వదిలేస్తే, ఇల్లంతటికీ ఆ చిన్న కిటికీ తరగతే దక్కుతుంది. ఇది అన్యాయమని ఒక మిత్రుడు నాతో వాదించాడు. గాలి లెక్క కూడా అదే కదా అన్నాను. ఒక్క కిటికీ పగిలితే చాలు, గాలి లోపల చేరి కప్పును కింది నుంచి తోస్తుంది. పైన పీల్పు ఉండనే ఉంది. రెండూ కలిసిన క్షణంలోనే కప్పులు లేస్తాయి. తుపానుకు తట్టుకునే అద్దాన్ని పరీక్షించే పద్ధతి చూస్తే ఈ కాఠిన్యం అర్థమవుతుంది: తొమ్మిది పౌండ్ల చెక్క కర్రను సెకనుకు 50 అడుగుల వేగంతో దాని మీదకు విసురుతారు. తుపానులో ఎగిరి వచ్చేది పక్కింటి కంచె కర్రే కాబట్టి. ఇంటిలోకెల్లా పెద్ద ద్వారం గ్యారేజి తలుపు అని మనం మరచిపోతాం. పదహారు అడుగుల వెడల్పున్న పలుచటి రేకు తలుపు మొదట వంగుతుంది. నేను కొత్త కిటికీలకు డబ్బు చాలక, ముందు గ్యారేజి తలుపు మార్పించాను. మొదట ఏది చేయాలో నిర్ణయించుకోవడానికి కూడా ఫారమే ఆధారం అయింది.

ఇక అభ్యంతరాలు. "మాది 2002 తరువాత కట్టిన ఇల్లు, మాకెందుకు?" అని కొత్త కాలనీలలో ఉంటున్నవారు అంటారు. కొత్త ఇళ్లు నిస్సందేహంగా మెరుగు. కానీ కోడ్ పుస్తకంలో ఉంది కాబట్టి మీ ఇంటి అటకలో ఉందని కాదు. వందల ఇళ్లు ఒకేసారి లేచే చోట ఎక్కడో ఒక పట్టీకి మేకు తప్పిపోవచ్చు. పైగా కొత్త ఇంటికి తగ్గింపు దానంతట అది పడిందో లేదో చూసుకున్నవారు ఎందరు? కాగితం చేతిలో ఉంటే అడగవచ్చు.

"ఎంత తగ్గించినా ప్రీమియం ఏటా పెరుగుతూనే ఉంది" అన్నది రెండో మాట. నిజమే, ఆ బాధ నాదీ. అయితే మరో లెక్క చూడాలి. ఇక్కడి పాలసీలలో తుపాను నష్టానికి విడిగా ఒక డిడక్టిబుల్ ఉంటుంది, సాధారణంగా ఇంటి బీమా విలువలో 2 శాతం, కొందరికి 5 శాతం. 4,00,000 డాలర్ల బీమా ఉన్న ఇంటికి 2 శాతమంటే 8,000 డాలర్లు. అంతవరకు నష్టం మన జేబులోంచే. కప్పు మూల నుంచి నాలుగు పలకలు లేచి, రెండు గదులలో నీరు దిగితే బీమా సంస్థ నుంచి వచ్చేది అంతంత మాత్రమే. కాబట్టి కప్పు నిలబడడం వల్ల ముందుగా మిగిలేది బీమా సంస్థ డబ్బు కాదు, మనదే.

మూడో అభ్యంతరం బలమైనది. 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్ వచ్చినప్పుడు టాంపా బే చుట్టూ ఇళ్లను ముంచినది సముద్రపు ఉప్పెన, గాలి కాదు. గాలి తనిఖీ నీటిని ఆపదు. దివిసీమ 1977 ఉప్పెన గురించి విని పెరిగినవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. వరద బీమా వేరు, నేల ఎత్తు వేరు, ఇల్లు ఖాళీ చేసి వెళ్లమంటే వెళ్లిపోవడం వేరు. తనిఖీ బాగా వచ్చింది కదా అని తుపాను రాత్రి తీరంలో ఉండిపోయేవాడు ఆ కాగితాన్ని తప్పుగా చదివినట్లే.

నాకు తెలిసినంతలో ఈ తనిఖీ చేయించవలసిన సరైన సమయం ఇల్లు కొనక ముందు. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లం తూర్పు ముఖం చూస్తాం, ఈశాన్యం చూస్తాం, బడులు చూస్తాం, గుడికి ఎంత దూరమో చూస్తాం. అవన్నీ చూడవలసినవే. వాటితో పాటు అటక కూడా చూడాలి. ఒప్పందం కుదిరాక ఇచ్చే తనిఖీ గడువులోనే, సాధారణ తనిఖీకి వచ్చిన మనిషి చేతనే, ఇంకొంత రుసుము ఇచ్చి ఇదీ చేయించవచ్చు. గత ఏడాది మా మిత్రుడొకడు 1980లలో కట్టిన ఇల్లు కొనబోతూ నన్ను తోడు రమ్మన్నాడు. ఆ ఇంటి పలకలకు మేకులే లేవు, అన్నీ స్టేపుల్ పిన్నులు. ఇల్లు వదులుకోలేదు; వాళ్ల అమ్మగారికి వంటిల్లు నచ్చింది. కానీ కప్పు మార్చడానికి అయ్యే ఖర్చును లెక్కగట్టి, ధరలో కొంత తగ్గించమని అమ్మేవారిని అడగగలిగాడు, వాళ్లు కొంత తగ్గించారు. అదే కాగితం గృహప్రవేశం అయిన తరువాత చేతికి వస్తే ఆ మాట అడగడానికి ఎదుట ఎవరూ ఉండరు.

ఖర్చుకు వెనుకాడేవారికి మై సేఫ్ ఫ్లోరిడా హోమ్ అనే రాష్ట్ర పథకం ఉంది. 2006లో మొదలై, మధ్యలో ఆగి, 2022లో మళ్లీ ప్రారంభమైంది. అర్హత ఉన్నవారికి తనిఖీ ఉచితం, బలపరిచే పనులకు మనం పెట్టే ప్రతి డాలరుకూ రాష్ట్రం రెండు డాలర్లు, 10,000 డాలర్ల వరకు ఇస్తుంది. నిధులు ఉన్నంతవరకే ఇస్తారు, అర్హతల నిబంధనలు మారుతుంటాయి, కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ ఏటి షరతులు చదువుకోవాలి.

2024 అక్టోబరు 9 రాత్రి మిల్టన్ హరికేన్ మాకు దక్షిణాన సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ట్రాపికానా ఫీల్డ్ స్టేడియం పైకప్పు గుడ్డపీలికలైన దృశ్యం మీరూ చూసే ఉంటారు. ఆ రాత్రి నేనూ నా భార్యా పిల్లలతో నడవాలో పరుపులు వేసుకుని పడుకున్నాం. కప్పు ఒక్కొక్కసారి మూలిగేది. ఆ మూలుగు వినబడినప్పుడల్లా ఏ పట్టీలో ఎన్ని మేకులున్నాయో నాకు తెలుసు. తెల్లవారి చూస్తే కప్పు ఉంది. ఇది ఆ మూడో మేకు వల్లనే అని నేను చెప్పను; మా వీధిలో గాలి, ఇల్లు తట్టుకోవలసిన గరిష్ఠ వేగం దాకా రాలేదు. పైగా నాకు నష్టం లేకపోలేదు. త్రికోణపు గోడ వైపు చూరు కింద బిగించే సాఫిట్ పలకలు రెండు ఊడిపోయి, ఆ సందులోంచి వాన అటకలోకి కొట్టి, పిల్లల గది సీలింగు మీద పళ్లెమంత మరక పడింది. సాఫిట్ గురించి నా ఫారంలో ప్రశ్నే లేదు. 2004లో చార్లీ హరికేన్ తరువాతనే సాఫిట్‌లు ఊడిన చోట వాన లోపలికి చేరి ఇళ్లు పాడయ్యాయని పరిశీలకులు వ్రాశారు. ఆ ప్రశ్న ప్రతి తనిఖీలోనూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. తగ్గింపు లెక్కకు పనికిరాకపోయినా సరే, ఇంటివాడికి తెలియాలి.

అటు ఉద్దానంలో ఇటువంటి తనిఖీ లేదు. తుపాను ప్రాంతాలలో చిన్న ఇళ్లను బలపరచడం గురించి ఐఎస్ 15498 అనే భారతీయ ప్రమాణం 2004 నుంచీ ఉంది. అయితే రేకులు బిగించే మేస్త్రీ దాకా దాన్ని చేర్చే మనిషి, పని అయ్యాక నిచ్చెన ఎక్కి చూసే మనిషి లేరు. వసారాను మళ్లీ వేయించేటప్పుడు నేను తమ్ముణ్ణి వీడియోలో పిలిచి, పైకెక్కి చూపించమన్నాను. వెడల్పాటి వాషర్లు వేశారు. చూరు అంచు వెంబడి మాత్రం బోల్టులు నడుమ ఉన్నంత ఎడంగానే ఉన్నాయి. అంచు దగ్గరే గాలి ఎక్కువగా పీలుస్తుందని, అక్కడ దగ్గరదగ్గరగా వేయించమని చెప్పాను. మేస్త్రీ కింద నుంచి అది విని, ఏమీ అనకుండా, డ్రిల్లు అందుకుని నిచ్చెన తమ్ముడి పక్కకు జరిపించాడు.

నా మూడో ఫారం గడువు 2026లో ముగుస్తుంది. కొత్త తనిఖీకి వచ్చే మనిషి కోసం అటక తలుపు దగ్గర నుంచి చూరు దాకా పాకడానికి వీలుగా రెండు పలకలు ఇప్పుడే పరచి పెట్టాను.